బడి బ్రతికించిన భాష

ఏ భాషకైనా రెండు ఆశ్రయాలుంటాయి. ఒకటి గ్రంథం, రెండవది పసిపిల్లల నోరు. గ్రంథంలో మాత్రమే నిలిచిన భాషను పండితులు గౌరవిస్తారు, భక్తులు పఠిస్తారు. కాని ఆ భాషలో బిడ్డ తల్లిమీద అలగడు, అంగడిలో ఎవరూ బేరమాడరు, ఇరుగుపొరుగువారు కలహించుకోరు. అటువంటి స్థితిలో సుమారు 1,700 సంవత్సరాలు గడిపిన ఒక భాష తిరిగి పిల్లల నోటికి చేరింది. ఆ భాష హీబ్రూ. దానిని అక్కడికి చేర్చినది రాజశాసనం కాదు, సైన్యం కాదు. కొన్ని చిన్న పాఠశాలలు, వాటిలో పనిచేసిన కొద్దిమంది ఉపాధ్యాయులు. ఒక భాషను బడిలో ఎలా నేర్పాలి, నేర్పేటప్పుడు ఎదురయ్యే చిక్కులేమిటి, ఆ ప్రయత్నంలో పొందేదేమిటి, పోగొట్టుకొనేదేమిటి అనే ప్రశ్నలకు ఈ భాష చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది.

హీబ్రూ మనకు పూర్తిగా అపరిచితమైన భాష కాదు. తెలుగునాట క్రైస్తవ ప్రార్థనలలో వినిపించే ‘ఆమేన్’, ‘హల్లెలూయ’, ‘హోసన్నా’ అనే మాటలు హీబ్రూ నుంచి వచ్చినవే. ‘అట్లే జరుగుగాక’ అని మొదటిదానికి, ‘దేవుని స్తుతించండి’ అని రెండవదానికి అర్థం. దావీదు, సమూయేలు, యోహాను, ఇమ్మానుయేలు అని మన ఊళ్లలో పిలుచుకొనే పేర్లకు మూలం కూడా ఆ భాషయే.

గ్రంథాలలో నిలిచిన భాష

క్రీస్తుశకం 200 ప్రాంతానికి హీబ్రూ నిత్యవ్యవహారం నుంచి తప్పుకొంది. యూదులు అనేక దేశాలకు చెదరిపోయి, ఆయా దేశాల భాషలకు దగ్గరగా ఉండే భాషలను మాట్లాడసాగారు. తూర్పు యూరప్‌లో యిద్దిష్, స్పెయిన్ నుంచి వెడలగొట్టబడిన వారిలో లదీనో, అరబ్ దేశాలలో యూదుల అరబ్బీ ఇంటిభాషలయ్యాయి. అయినా హీబ్రూ నశించలేదు. ప్రార్థనలు, ధర్మశాస్త్ర వ్యాఖ్యానాలు, కవిత్వం, దూరదేశాల పండితుల మధ్య ఉత్తరాలు అందులోనే సాగాయి. మన దేశంలో సంస్కృతం నిలిచిన తీరుతో దీనిని కొంతవరకు పోల్చవచ్చు.

తూర్పు యూరప్‌లోని యూదుల పిల్లలు ‘హెదెర్’ అనే బడిలో హీబ్రూ నేర్చుకొనేవారు. హెదెర్ అంటే గది. అక్కడ గురువు పవిత్రగ్రంథంలోని ఒక్కొక్క పదాన్ని చదివి, దాని అర్థాన్ని యిద్దిష్‌లో చెప్పేవాడు. పిల్లలు ఆ జంటను వల్లించేవారు. ఏళ్ల తరబడి చదివిన బాలుడు కఠినమైన వాక్యానికి సైతం అర్థం చెప్పగలిగేవాడు. కాని దాహం వేస్తే ఆ భాషలో మంచినీళ్లు అడగలేకపోయేవాడు. లోపం బాలునిది కాదు, హీబ్రూది కాదు, బోధనకు పెట్టుకొన్న లక్ష్యానిది. చదవడానికే నేర్పిన భాష చదువుకే పరిమితమైంది.

ఒక ఇల్లు, ఒక బడి

ఈ స్థితిని మార్చాలని సంకల్పించిన వారిలో ముఖ్యుడు ఎలియెజెర్ బెన్ యెహూదా. ఆయన 1858లో నాటి రష్యా సామ్రాజ్యంలోని లుజ్కి అనే గ్రామంలో జన్మించాడు. వైద్యవిద్య కోసం పారిస్ వెళ్లి, అక్కడ క్షయవ్యాధికి గురయ్యాడు. హీబ్రూ తిరిగి మాట్లాడే భాష కావాలన్న తన ఆశయాన్ని 1879లో ఒక వ్యాసంలో ప్రకటించి, 1881లో నాటి తుర్కీ సామ్రాజ్యంలో భాగంగా ఉన్న పాలస్తీనాకు చేరి, జెరూసలేంలో స్థిరపడ్డాడు. మరుసటి సంవత్సరం కుమారుడు పుట్టగా, ఆ బిడ్డ చెవిన హీబ్రూ తప్ప వేరొక భాష పడకూడదని ఇంట్లో నియమం విధించాడు. ఆ బాలుడు ఆలస్యంగా మాట్లాడడం ప్రారంభించాడని చెబుతారు. ఆధునిక కాలంలో హీబ్రూను తొలిపలుకుగా నేర్చిన మొదటి బిడ్డగా అతనిని పేర్కొంటారు.

అయితే ఆ బిడ్డ ఎవరితో ఆడుకోవాలి? తన భాష తెలిసిన తోటి పిల్లలు వీధిలో లేరు. ఒక ఇంటి నియమం ఒక భాషను బ్రతికించలేదు. పదిమంది పిల్లలు ఒకచోట చేరి, ఒకే మాటను పంచుకొనే చోటు కావాలి. ఆ చోటు బడి తప్ప మరొకటి కాదు.

జెరూసలేంలో అలయన్స్ అనే ఫ్రెంచి యూదుల సంస్థ నెలకొల్పిన పాఠశాలకు నిస్సిం బెహార్ ప్రధానోపాధ్యాయుడు. హీబ్రూ పాఠాన్ని హీబ్రూలోనే చెప్పాలన్నది ఆయన పట్టుదల. ఈ పనికి ఆయన బెన్ యెహూదాను నియమించుకొన్నాడు. అనారోగ్యం వల్ల బెన్ యెహూదా అక్కడ కొద్దికాలమే బోధించగలిగినా, పద్ధతి మాత్రం నిలిచింది. దీనికి ‘హీబ్రూలోనే హీబ్రూ’ అని అర్థమిచ్చే ‘ఇవ్రిత్ బె ఇవ్రిత్’ అనే పేరు స్థిరపడింది.

ఈ పద్ధతి వెనుక ఆదర్శంతోపాటు అవసరం కూడా ఉంది. నాటి జెరూసలేంలో యూదుల పిల్లలలో ఒకరు యిద్దిష్, ఒకరు లదీనో, మరొకరు అరబ్బీ మాట్లాడేవారు. అనువాదం చేసి చెప్పాలంటే ఏ భాషలోకి అనువదించాలి? అందరికీ ఎంతో కొంత పరిచయమైనది ప్రార్థనల హీబ్రూ ఒక్కటే. కాబట్టి ఉపాధ్యాయుడు కిటికీని చూపి దాని పేరు చెబుతాడు, తలుపు తెరుస్తూ ఆ పనిని చెబుతాడు. పిల్లవాడు ముందు వింటాడు, పిదప పలుకుతాడు, ఆ తరువాతనే వ్రాస్తాడు. హెదెర్‌లోని క్రమాన్ని ఇది తలక్రిందులు చేసింది. యిష్షాక్ ఎప్‌స్టెయిన్ అనే ఉపాధ్యాయుడు గలిలయ ప్రాంతంలో బోధించిన అనుభవంతో ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపమిచ్చి, 1898లో వ్యాసంగా ప్రకటించాడు.

మాటలు లేని పాఠాలు

నగరంలో ఒక విషయంగా ఉన్న హీబ్రూ గ్రామాలలో బోధనాభాష అయింది. జాఫా సమీపంలోని రిషోన్ లెజియోన్ అనే వ్యవసాయ గ్రామంలో 1886లో ప్రారంభమైన పాఠశాలను, అన్ని విషయాలూ హీబ్రూలో బోధించిన తొలి పాఠశాలగా పేర్కొంటారు. ఆ గ్రామంలోనే 1898లో తొలి హీబ్రూ శిశువిహారం వెలసింది.

ఆ ఉపాధ్యాయుల కష్టాన్ని ఊహించి చూడండి. పాఠ్యపుస్తకాలు లేవు, భూగోళపటాలు లేవు. అన్నిటికంటె మించి మాటలే లేవు. ప్రవక్తల ఆవేదనను వర్ణించడానికి చాలినన్ని పదాలున్న భాషలో తువ్వాలుకు, బొమ్మకు, వార్తాపత్రికకు పేర్లు లేవు. గణితం చెప్పే ఉపాధ్యాయుడు పాఠానికి ముందు పరిభాషను వెదుక్కోవాలి. ఒక ఊరిలో ఒక మాట, పక్క ఊరిలో అదే వస్తువుకు మరొక మాట పుట్టేవి. ఉపాధ్యాయులలో అనేకులకు హీబ్రూ ఇంటిభాష కాదు. తాము తడుముకొంటూ పలికే భాషను పిల్లలకు ధారాళంగా నేర్పవలసి వచ్చింది.

ఈ లోటును పూరించడానికి ఆ భాష నిర్మాణమే తోడ్పడింది. హీబ్రూలో అధికభాగం పదాలు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. ఉదాహరణకు ‘స, ఫ, ర’ అనే మూడు హల్లులను తీసుకొందాం. వీటి నుంచి ‘సేఫెర్’ అంటే పుస్తకం, ‘సిప్పూర్’ అంటే కథ, ‘సోఫెర్’ అంటే రచయిత, ‘సిఫ్రియా’ అంటే గ్రంథాలయం, ‘మిస్పార్’ అంటే సంఖ్య ఏర్పడ్డాయి. వీటిలో నడిమి అక్షరం ఒక్కటే, స్థానాన్ని బట్టి అది ‘ప’గానూ ‘ఫ’గానూ పలుకుతుంది. పాఠశాలను వారు ‘బేత్ సేఫెర్’ అంటారు, అనగా పుస్తకాల ఇల్లు. ధాతువు తెలిసిన విద్యార్థి కొత్త పదం వినగానే దాని అర్థాన్ని కొంత ఊహించగలుగుతాడు. బెన్ యెహూదా ఈ మార్గంలోనే నడిచాడు. ‘మిల్లా’ అంటే మాట. దాని నుంచి నిఘంటువుకు ‘మిల్లోన్’ అనే పేరు కల్పించాడు. ‘ఏత్’ అంటే కాలం. దాని నుంచి వార్తాపత్రికకు ‘ఇత్తోన్’ అన్నాడు. తుడవడం అనే అర్థంగల ధాతువు నుంచి తువ్వాలుకు ‘మగెవెత్’ పుట్టింది. ఆయన కల్పించిన పదాలన్నీ నిలవలేదు. పిల్లల నోటికి ఎక్కినవే నిలిచాయి.

ఇక్కడ ఒక వింత జరిగింది. సాధారణంగా భాష తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఆ గ్రామాలలో అది బడి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి తల్లికి చేరింది. శిశువిహారంలో నేర్చిన పాటను పిల్లలు ఇంటికి తెచ్చారు. వారే పెరిగి పెద్దవారై, హీబ్రూ మాట్లాడే తల్లిదండ్రులయ్యారు. వారి సంతానానికి అది నేర్చుకొన్న భాష కాదు, మాతృభాష.

నియమాలు, నిర్ణయాలు

వేర్వేరు ఊళ్లలో వేర్వేరుగా సాగిన బోధన ఒక పద్ధతికి రావాలంటే కొన్ని ఉమ్మడి నిర్ణయాలు అవసరం. 1903లో జిఖ్రోన్ యాకోవ్ అనే గ్రామంలో ఉపాధ్యాయులు సమావేశమై తమ సంఘాన్ని స్థాపించుకొన్నారు. ఉచ్చారణ వారి ముందున్న సమస్యలలో ఒకటి. విశ్రాంతి దినాన్ని యూరప్ యూదులు ‘షబ్బోస్’ అంటే, స్పెయిన్ సంప్రదాయానికి చెందినవారు ‘షబ్బాత్’ అనేవారు. ఉపాధ్యాయులలో ఎక్కువమంది యూరప్ నుంచి వచ్చినవారే అయినా, బడిలో రెండవ ఉచ్చారణనే అనుసరించాలని నిశ్చయించారు. తమకు అలవాటైన పలుకును తామే వదులుకోవడం చిన్న విషయం కాదు.

1890లో ఏర్పడి కొద్దికాలానికే ఆగిపోయిన భాషాసమితి 1904 ప్రాంతంలో మళ్లీ పనిచేయసాగింది. పాఠశాలలకు కావలసిన పరిభాషను సమకూర్చడం దాని ప్రధాన కర్తవ్యం. 1953లో చట్టం ద్వారా హీబ్రూ భాషా అకాడమీ దాని స్థానాన్ని పొందింది. 1905లో జాఫాలో తొలి హీబ్రూ ఉన్నత పాఠశాల వెలసింది. ప్రాథమిక విద్యకే పరిమితమనుకొన్న భాష ఉన్నత విద్యవైపు అడుగు వేసింది.

భాషా సమరం

ఆ అడుగుకు 1913లో పెద్ద పరీక్ష ఎదురైంది. హైఫా నగరంలో ఒక సాంకేతిక కళాశాలను నెలకొల్పే ప్రయత్నంలో జర్మన్ యూదుల సహాయక సంఘం ప్రధాన పాత్ర వహించింది. అందులో శాస్త్ర విషయాలను జర్మన్ భాషలో బోధించాలని పాలకమండలి నిర్ణయించింది. వారి వాదంలో బలం లేకపోలేదు. నాటి విజ్ఞానశాస్త్రాలకు జర్మన్ ప్రధానమైన భాష. హీబ్రూలో ఇంజనీరింగ్ గ్రంథాలు లేవు, పరిభాష లేదు. ఆ సంఘం హీబ్రూకు శత్రువు కూడా కాదు. దాని పాఠశాలలలో హీబ్రూకు చోటుండేది.

కాని ఉపాధ్యాయులు మరొక ప్రశ్న వేశారు. పై చదువులకు పనికిరాదని తేలిన భాషలో ఏ తండ్రి తన బిడ్డను చదివిస్తాడు? కళాశాల ద్వారం వద్ద భాషను ఆపివేస్తే, దాని ప్రభావం శిశువిహారం వరకు ప్రసరిస్తుందని వారు గ్రహించారు. ఉపాధ్యాయులు, విద్యార్థులు సమ్మెకు దిగారు. అనేకులు ఆ సంఘం పాఠశాలలను విడిచి, వేరుగా హీబ్రూ పాఠశాలలను నెలకొల్పారు. 1914 ఫిబ్రవరిలో పాలకమండలి తన నిర్ణయాన్ని సవరించుకొని హీబ్రూకు ప్రాధాన్యమిచ్చింది. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ప్రారంభం వాయిదాపడింది. చివరకు 1924లో ఆ కళాశాల హీబ్రూలో బోధన ప్రారంభించింది. అదే నేటి టెక్నియాన్. మరుసటి సంవత్సరం జెరూసలేంలో హీబ్రూ విశ్వవిద్యాలయం ఆరంభమైంది. అంతకుముందే, 1922లో, బ్రిటిష్ పాలనలోని పాలస్తీనాలో ఆంగ్లం, అరబ్బీలతోపాటు హీబ్రూ కూడా అధికారభాషగా గుర్తింపు పొందింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే బెన్ యెహూదా కన్నుమూశాడు.

పెద్దల బడి

1948లో ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడింది. తరువాతి మూడున్నరేళ్లలో దాదాపు 7 లక్షల మంది యూదులు యూరప్ నుంచి, అరబ్ దేశాల నుంచి అక్కడికి చేరారు. పిల్లలకు బడులున్నాయి, మరి పెద్దల సంగతి? వైద్యుడు రోగితో మాట్లాడాలి, ఉద్యోగి దరఖాస్తు వ్రాయాలి. ఈ అవసరం కోసం 1949లో జెరూసలేంలో ‘ఉల్పాన్’ అనే సత్వర బోధనాకేంద్రం వెలసింది. సుమారు ఐదు నెలలపాటు రోజులో అధికభాగం హీబ్రూయే వినాలి, మాట్లాడాలి. వ్యాకరణ సూత్రాలకంటె ముందు నిత్యజీవితంలో తరచు వచ్చే మాటలకు స్థానం దక్కింది. ఈ నమూనాను తరువాతి కాలంలో వెల్ష్ భాషాభిమానులు తమ భాషను పెద్దలకు నేర్పడానికి స్వీకరించారు. ‘ఉల్పాన్’ అనే పేరును సైతం తమ వర్ణక్రమంలో నిలుపుకొన్నారు.

చెల్లించిన మూల్యం

ఈ విజయానికి మరొక పార్శ్వం ఉంది. దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. హీబ్రూ పాఠశాలలో వర్ధిల్లినకొద్దీ యిద్దిష్, లదీనో, యూదుల అరబ్బీ ఇళ్లలో మౌనం వహించాయి. 1923లో ఉన్నత పాఠశాల విద్యార్థులు ‘భాషా రక్షక దళం’ ఏర్పరచి, వీధిలో వేరొక భాష మాట్లాడేవారిని మందలించసాగారు. యిద్దిష్ నాటకాలకు, సభలకు ఆటంకాలు కల్పించారు. తాత మాట్లాడే భాష మనవడికి అర్థం కాని ఇళ్లు ఏర్పడ్డాయి. శతాబ్దాల జోలపాటలు, సామెతలు, హాస్యోక్తులు ఒక తరంలోనే దూరమయ్యాయి. ఒక భాషను ప్రేమించడానికి మరొక భాషను నిందించనక్కరలేదని నాటి ఉత్సాహంలో చాలామంది గుర్తించలేదు.

ఇజ్రాయెల్‌లోని అరబ్ విద్యార్థుల స్థితి వేరు. వారి పాఠశాలలలో బోధనాభాష అరబ్బీ. హీబ్రూను ప్రాథమిక దశ నుంచే ద్వితీయభాషగా చదువుతారు. విశ్వవిద్యాలయానికి, ఉద్యోగానికి, వైద్యశాలకు వెళ్లినప్పుడు వారికి హీబ్రూ కావాలి. 2018లో చేసిన ఒక చట్టం అరబ్బీకి అంతవరకు ఉన్న అధికారభాషా స్థానాన్ని తొలగించి, ‘ప్రత్యేక స్థానం’ అని మాత్రమే పేర్కొంది. భాషను నేర్చుకోవడం వేరు, తన భాషకు గౌరవం తగ్గిందని భావిస్తూ నేర్చుకోవడం వేరు. ఈ భేదం తరగతి గదిలోని ఉపాధ్యాయునికి ప్రతిదినం ఎదురవుతుంది.

ద్వితీయభాషగా హీబ్రూ

ఇతర దేశాలలోనూ పాఠశాలలు హీబ్రూను ఒక భాషగా నేర్పుతున్నాయి. న్యూయార్క్ నగర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో 1930లో అది ప్రవేశించింది. 2007లో ఫ్లోరిడా రాష్ట్రంలో, ప్రభుత్వ నిధులతో స్వతంత్ర నిర్వహణలో నడిచే హీబ్రూ భాషా పాఠశాల ‘బెన్ గమ్లా’ పేరుతో ప్రారంభమైంది. అమెరికా రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ పాఠశాల మతాన్ని బోధించరాదు. అందువల్ల పాఠాలలో మతబోధ లేదని నిర్ధారించుకొనేవరకు స్థానిక విద్యామండలి అక్కడి హీబ్రూ తరగతులను కొద్ది వారాలు నిలిపివేసింది. భాషను పట్టి చూస్తే మతం, మతాన్ని పట్టి చూస్తే భాష కనిపించే చోట గీత ఎక్కడ గీయాలి? పండుగ పేరు చెప్పవచ్చునా, ప్రార్థన చదివించవచ్చునా? కార్యక్రమాన్ని రూపొందించేవారు ముందుగానే ఆలోచించుకోవలసిన విషయమిది.

లిపి మరొక సమస్య. హీబ్రూ అక్షరాలు 22. అన్నీ హల్లులే. వ్రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది. అచ్చులను అక్షరాల క్రింద, పైన చుక్కలు, గీతలతో సూచిస్తారు. పిల్లల పుస్తకాలలో ఈ గుర్తులుంటాయి. వార్తాపత్రికలో సాధారణంగా ఉండవు. మన గుణింతాలను తొలగించి ‘క, ల’ అని మాత్రమే వ్రాశామనుకోండి. అది కాలమా, కీలా, కూలా, కోలా అని సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. అదే విధంగా పైన చెప్పిన ‘స, ఫ, ర’ అక్షరాలను చుక్కలు లేకుండా చూస్తే పుస్తకం అని చదవవచ్చు, క్షురకుడు అని కూడా చదవవచ్చు. గుర్తులను మరీ తొందరగా తొలగిస్తే విద్యార్థి నిరుత్సాహపడతాడు. మరీ ఆలస్యం చేస్తే వాటికే అలవాటుపడి పత్రికను చదవలేకపోతాడు. ఆ సమయాన్ని గుర్తించడంలోనే బోధకుని నేర్పు ఉంది.

మన ప్రాంతంలోనూ ఈ భాషకు ఒక చిన్న స్థానం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తమను ప్రాచీన ఎఫ్రాయిం గోత్రీయుల సంతతిగా భావించే ‘బెనె ఎఫ్రాయిం’ అనే తెలుగు సమాజం ఉంది. 1991లో వారు ప్రార్థనామందిరం ఏర్పరచుకొన్నారు. తెలుగు మాతృభాషగా గల వారు హీబ్రూను ఆసక్తితో నేర్చుకొంటున్నారు.

మనం గ్రహించవలసినది

హీబ్రూ చరిత్ర భాషాబోధనకు సంబంధించి కొన్ని సత్యాలను తెలియజేస్తుంది. వల్లించిన భాష జ్ఞాపకంలో ఉంటుంది, వాడిన భాష జీవితంలో ఉంటుంది. పాఠ్యపుస్తకం లేకపోయినా ఉపాధ్యాయుడుంటే బడి నడుస్తుంది, ఉపాధ్యాయుడు లేకపోతే ఎన్ని పుస్తకాలున్నా నడవదు. ప్రాథమిక దశలో ప్రవేశపెట్టిన భాషకు ఉన్నత విద్యలో చోటు లేకపోతే అది పైకి ఎదగదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక భాష నిలవాలంటే దానిని మాట్లాడవలసిన అవసరం, మాట్లాడాలనే ఇష్టం రెండూ ఉండాలి.

హీబ్రూ ఉపాధ్యాయులకు మాటలు లేవు, పుస్తకాలు లేవు, ఇంట్లో ఆ భాష మాట్లాడేవారు లేరు. మనకు ఇవన్నీ ఉన్నాయి. కోట్లాది జనం మాట్లాడే తెలుగును ద్వితీయభాషగా ఎంచుకొన్న విద్యార్థి దానిని మార్కుల కోసం మాత్రమే చదివితే, హెదెర్‌లో పదాలు వల్లించిన బాలునికీ అతనికీ భేదం ఉండదు. పరీక్ష ముగిసిన పిమ్మట కూడా ఒక ఉత్తరం, ఒక దినచర్య, స్నేహితునితో ఒక చర్చ ఈ భాషలో సాగించగలిగితేనే ఆ చదువు సార్థకమవుతుంది.